వినువారు ఇంటికి తీసికొనిపోవు మాట

(సభలో నిలువబడి మాటలాడవలసిన వారికి ఒక పాఠము)

చదువవలసిన భాగములు: నెహెమ్యా 8:1-12, రూతు 2వ అధ్యాయము, సంఖ్యాకాండము 27:1-7.



మన గ్రామ సంఘములలో అనేకములకు పాస్టరుగారు ప్రతి ఆదివారము రాలేరు. ఒక్కరికి నాలుగైదు ఊళ్లు అప్పగింపబడియుండును. ఆయన పొరుగూరిలో ఆరాధన జరిపించుచుండగా ఇక్కడ సంఘపెద్దయో, సండేస్కూలు ఉపాధ్యాయినియో, చదువుకొన్న యౌవనస్థుడో లేచి వాక్యము చెప్పవలసి వచ్చును. గృహకూటములలోను, స్త్రీల సమాజములోను, భూస్థాపన దినమున సమాధియొద్దను ఇట్లే జరుగును. సంఘము వెలుపల గ్రామసభలోను, బడిలో తలిదండ్రుల సమావేశములోను మనవారు మాటలాడవలసిన అక్కరలు కలవు.

అట్టి సమయమున మనవారు రెండు విధములుగా తప్పించుకొందురు. కొందరు, "నాకు మాట రాదండీ, అయ్యగారినే రానివ్వండి" అని వెనుకకు పోవుదురు. మరికొందరు, "లేచి నిలబడితే మాటలు అవే వస్తాయి" అని ఏమియు సిద్ధపడక లేతురు. మొదటివారికి మోషేను జ్ఞాపకము చేయుచున్నాము. తాను నోటి మాంద్యము గలవాడనని అతడు దేవునికే విన్నవించుకొనెను (నిర్గమకాండము 4:10). అయినను అతడు ఇంటికి పంపివేయబడలేదు. తోడుగా అహరోను ఇయ్యబడెను. రెండవవారికి ఎజ్రాను చూపించుచున్నాము. అతడు ధర్మశాస్త్రమందు ప్రవీణుడు. అయినను ముందుగా దానిని పరిశోధించి, దానిచొప్పున నడుచుకొని, తరువాత నేర్పవలెనని తన హృదయమును సిద్ధపరచుకొనెను (ఎజ్రా 7:10). మాట్లాడు వరము అందరికి ఒక్కటే కొలత కాదు. సిద్ధపడు పని మాత్రము అందరికిని ఒక్కటే.

మాట మంచిదో కాదో దేనినిబట్టి తెలిసికొందుము? రూతు పరిగె ఏరిన దినమును చూడుడి. సాయంకాలము వరకు ఏరినదానిని ఆమె దుళ్లకొట్టెను. గింజలు ఎత్తుకొని ఊరిలోనికి పోయి అత్తకు చూపెను. నేడు ఎక్కడ ఏరుకొంటివని నయోమి అడిగెను. మన ఇండ్లలోను ఇట్లే జరుగును. మంచము పట్టిన పెద్దామె ఇంటనుండి, కూటమునుండి వచ్చిన కోడలిని, "ఇయ్యాల ఏం చెప్పారమ్మా?" అని అడుగును. ఆ కోడలు ఒక్క మాటలో జవాబు చెప్పగలిగినయెడల ఆ ప్రసంగము పండినది. "ఏమో అత్తా, చాలా బాగా చెప్పారు" అని మాత్రమే అనినయెడల ఆమె వట్టి గడ్డి మోసికొని వచ్చినది. ఈ పాఠమంతటికి ఇదే తూనిక.

1. నీటి గుమ్మము ఎదుట జరిగిన సభ

బబులోను చెరనుండి తిరిగివచ్చినవారి కాలమున, క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దమున, యెరూషలేములో జరిగిన సభ మనకు మంచి మాదిరి. ఏడవ మాసము మొదటి దినమున జనులు నీటి గుమ్మము ఎదుటి మైదానమునకు కూడివచ్చిరి. పురుషులే గాక స్త్రీలును, గ్రహింపగల వయస్సు గల పిల్లలును వచ్చిరి. ఎజ్రా ఉదయమునుండి మధ్యాహ్నమువరకు చదివెను.

ఇందులో నాలుగు సంగతులు గమనింపుడి. మొదటిది, ఆ పనికొరకు కొయ్యపీఠము ముందుగానే చేయించిరి. ఎజ్రా అందరికంటె ఎత్తున నిలిచెను. అందరును చూచుచుండగా గ్రంథము విప్పెను. కనబడనివాని మాట సగమే వినబడునని వారికి తెలిసియుండెను. రెండవది, అతడు ఒంటరిగా లేడు. కుడివైపున ఆరుగురు, ఎడమవైపున ఏడుగురు నిలిచిరి. మూడవది, లేవీయులు స్పష్టముగా చదివి, దాని అర్థము విడమరచి చెప్పిరి. జనులు చెరలో పెరిగినవారు. గ్రంథపు భాష అందరికి సులభముగా తెలియు భాష కాదు. నాలుగవది, విన్నవారు ఏమి చేసిరి? మొదట ఏడ్చిరి. ఏడువవద్దని చెప్పగా, ఇండ్లకు పోయి భుజించి, ఏమియు సిద్ధము చేసికొననివారికి వంతులు పంపిరి. మరునాడు పెద్దలు మరల కూడివచ్చి, చదువబడిన ప్రకారము పర్ణశాలలు కట్టించుటకు పూనుకొనిరి. తమకు తెలియజెప్పబడిన మాటలు గ్రహించినందుననే వారు సంతోషించిరని 12వ వచనము చెప్పుచున్నది. చదువువాడు అలసిపోయెనా, కంఠము మధురముగా నుండెనా అను సంగతి అక్కడ వ్రాయబడలేదు. జనులు గ్రహించిరని వ్రాయబడినది.

2. పల్నాటి నేల నేర్పు పాఠము

మన పల్నాడు వినుటకు పేరు పొందిన సీమ. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటేట కార్తిక అమావాస్యనుండి ఐదు దినములు వీరుల తిరునాళ్ల జరుగుచున్నది. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ దినములకు పేర్లు. 12వ శతాబ్దపు యుద్ధకథను వీరవిద్యావంతులు పాడుచుందురు. అలిశెట్టి గాలెయ్య అను గాయకుడు పాడిన కథను జీన్ రోఘేర్ అను పాశ్చాత్య పండితుడు ఇంగ్లీషులోనికి మార్చి, 1982లో గ్రంథముగా ప్రచురించెను. అచ్చుపుస్తకము పట్టని తరములలోకూడ ఆ కథ నోటినుండి నోటికి నడిచి మనవరకు వచ్చినది.

బుర్రకథను చూడుడి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ గారు "పల్నాటి యుద్ధము" కథను ఊరూర వినిపించిరి. 1986లో వారికి పద్మశ్రీ బిరుదము లభించెను. బుర్రకథలో నడుమ కథకుడు, ఇరుప్రక్కల ఇద్దరు వంతలు ఉందురు. కథకుడు కొంత చెప్పగానే వంతలలో ఒకడు అడ్డు తగిలి, "అదేంటి? ఎందుకు వెళ్లాడు?" అని అడుగును. అది సభలో కూర్చున్నవాని మనస్సులోని ప్రశ్నయే. కథకుడు దానికి జవాబు చెప్పి ముందుకు సాగును. ముఖ్యమైన మాట వచ్చినప్పుడు దానినే మరల పాడుదురు.

విశ్వాసమందు మన త్రోవ వేరు. అయినను వినిపించు విధమును వారియొద్ద నేర్చుకొనుటలో దోషము లేదు. చదువువాడు అర్థము కానప్పుడు పుట వెనుకకు త్రిప్పగలడు. వినువాడు త్రిప్పలేడు. కనుక అతనికి బదులుగా మాటలాడువాడే వెనుకకు పోయి, ముఖ్యమైన మాటను మరల చెప్పవలెను. వంత అడుగు ప్రశ్నను తానే అడుగుకొని జవాబు చెప్పవలెను.

3. వారమంతయు సిద్ధపడు విధము

సిద్ధపాటును ఒక ఉదాహరణతో చెప్పుచున్నాము. కోతపండుగనాడు రూతు 2వ అధ్యాయముమీద మాటలాడవలసినదని ఒక సంఘపెద్దకు అప్పగింపబడినది అనుకొనుడి.

సోమవారము: ఆ అధ్యాయమును బిగ్గరగా మూడు పర్యాయములు చదువవలెను. కన్ను దాటిపోవు సంగతులను చెవి పట్టుకొనును. బోయజు మొదట ఆ చిన్నది ఎవరిదని విచారించెను. దాహమైనప్పుడు పనివారి కుండలలోని నీళ్లు త్రాగుమనెను. భోజనవేళ దగ్గరకు పిలిచెను. చివరకు, ఆమెకొరకు కొన్ని పిడికెళ్లు కావలెనని పడవేయుడని తన పనివారికి ఆజ్ఞాపించెను. వీటిని ఒక కాగితముమీద వ్రాసికొనవలెను. పొలముల ఓరలను పూర్తిగా కోయక బీదలకు విడువవలెనను ఆజ్ఞ లేవీయకాండము 19:9-10లో ఉన్నది, దానినికూడ చూచుకొనవలెను.

మంగళవారము: వినువారు ఎవరో తలంచుకొనవలెను. వారిలో మిరప కోతకు తెల్లవారకముందే పోయి పొద్దుగూకి వచ్చినవారు కలరు. కౌలుకు తీసికొని అప్పులో ఉన్నవాడు కలడు. భర్త లేక పిల్లలను సాకుచున్న తల్లి కలదు. రూతు కథ ఆమెకు మనకంటె ఎక్కువ తెలియును. ఆమె యెదుట ఈ మాట ఎట్లు చెప్పవలెనో ఆలోచింపవలెను.

బుధవారము: చెప్పదలచినదంతయు ఒక్క వాక్యములో వ్రాయవలెను. "బోయజు లేనివారికొరకు కావలెనని విడిచిపెట్టెను, మనమును కావలెనని విడిచిపెట్టుదము." ఇదే ఆ కోడలు ఇంటికి తీసికొనిపోవలసిన మాట. ఒక్క వాక్యములో వ్రాయలేనియెడల ఇంకను మనకే స్పష్టముగా తెలియలేదని అర్థము. ఇతరుల పుస్తకములు చూచుట, ఫోనులో ప్రసంగములు వినుట ఈ వాక్యము దొరకిన తరువాతనే మంచిది. ముందే విన్నయెడల వారి మాట మన నోట వచ్చునుగాని మన ఊరి అక్కర అందులో ఉండదు.

గురువారము: వరుస కట్టవలెను. సాగరు నీరు పెద్ద కాలువనుండి ఒక్క దూకున చేలోనికి రాదు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టనుండి కుడి కాలువకు, దానినుండి మేజరుకు, మైనరుకు, చివరకు బోదెకు నీరు దిగివచ్చును. ఎక్కడ గండి పడినను చివరి చేను ఎండిపోవును. మాటయు అట్టిదే. మూడు మెట్లు చాలును. రూతు ఎవరు, ఏల పరిగెకు వచ్చినది? బోయజు ఏమి చేసెను? ఈ వారము మనమేమి చేయుదము? ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు దిగునప్పుడు ఆ సంగతి వినువారికి తెలియజేయవలెను: "రూతు సంగతి వింటిమి. ఇప్పుడు ఆ పొలము యజమానుని చూతము."

శుక్రవారము: తాలు ఏరివేయవలెను. కల్లములో మిరపకాయ ఎండిన తరువాత రంగు పోయిన తాలు కాయలను వేరుచేయుదుము గదా! తాలు కలిసిన టిక్కీకి యార్డులో ధర పడిపోవును. ప్రసంగములోని తాలు ఏది? మోయాబు దేశ చరిత్ర అంతయు చెప్పుట. మనకు తెలిసిన పెద్ద మాటలన్నియు వాడుట. గిట్టనివానిని ప్రసంగముచాటున పొడుచుట. ఏ వచనము జ్ఞాపకము వచ్చిన దానికి పరుగెత్తుట. మంచి సంగతియైనను ఆ ఒక్క వాక్యమునకు తోడ్పడనియెడల మరియొక దినమునకు దాచుకొనవలెను.

శనివారము: లేచి నిలువబడి, గడియారము పెట్టుకొని, బిగ్గరగా చెప్పి చూచుకొనవలెను. మనస్సులో చెప్పుకొనుట అభ్యాసము కాదు. ఇంటిలో ఒకరిని కూర్చుండబెట్టి వినిపించి, "ఏమి అర్థమైనది?" అని అడుగవలెను. వారు చెప్పినది మన ఒక్క వాక్యమునకు దగ్గరగా నున్నయెడల సరి. లేనియెడల ఇంకను దిద్దుకొనుటకు రాత్రి ఉన్నది. సభకు తీసికొనిపోవలసినది చిన్న కాగితము. దానిమీద ఆ ఒక్క వాక్యము, మూడు మెట్లు, చదువవలసిన వచనముల అంకెలు పెద్ద అక్షరములతో ఉండవలెను. మొదటి రెండు మాటలును, కడపటి రెండు మాటలును కంఠతా ఉండవలెను. తడబాటు ఎక్కువగా ఆ రెండు చోట్లనే వచ్చును.

4. లేచి నిలిచినప్పుడు

ముందుగా పోయి చోటు చూచుకొనుడి. వెలుతురు మన ముఖముమీద పడవలెను. వీపు వెనుక కిటికీ ఉన్నయెడల వినువారికి నీడయే కనబడును. వెనుక కూర్చుండు స్త్రీలకు వినబడుచున్నదో లేదో ఒకరిచేత పరీక్షింపుడి. మైకు ఉన్నయెడల దానిని నోటికి జానెడు దూరమున నిలిపి, మామూలు కంఠముతో మాటలాడుడి. మైకు ముందర కేకలు వేయుటవలన శబ్దము పెరుగును, మాట విరుగును. చిన్న గదిలో మైకు అక్కరయే లేదు.

లేచిన వెంటనే మాటలాడకుడి. నిలిచి, ఊపిరి తీసికొని, వారిని చూడుడి. అప్పుడు మొదలుపెట్టుడి. "నేను తగినవాడను కాను, సమయము దొరకలేదు, గొంతు బాగా లేదు" అను మనవులు వినయముగా తోచునుగాని, వినువారు మొదటి నిమిషమునందే చెవి మూసికొనునట్లు చేయును. "మిరప కోత అయిన చేలో పరిగె ఏరుకొను తల్లిని మనమందరము చూచియున్నాము" అని నేరుగా వారి పొలములోనుండి మొదలుపెట్టినయెడల వారు మనతోకూడ నడుతురు.

భయము కలుగునా? కలుగును. మోకాళ్లు వణకుట పాపము కాదు. పౌలంతటివాడు కొరింథుకు భయముతోను ఎంతో వణకుతోను వచ్చితినని వ్రాసెను (1 కొరింథీ 2:3). సభలో మన మాట నిండు మనస్సుతో వినువారు ఒకరిద్దరు ఎప్పుడును ఉందురు. వారి ముఖము చూచి మొదటి మాటలు చెప్పుడి. తరువాత కుడివైపు, ఎడమవైపు, వెనుకవైపు చూడుడి. పైకప్పుతోను, నేలతోను మాటలాడవద్దు.

పాఠభాగము చదువుటను చిన్న పనిగా ఎంచకుడి. అనేకులు ప్రసంగమునకు సిద్ధపడి, చదువుటకు సిద్ధపడరు. పేర్లయొద్ద తట్టుకొని, విరామములేక పరుగెత్తుదురు. చదువురాని పెద్దలకు ఆ వారము అందు వాక్యము అంతయు ఆ చదువబడినదే. నెమ్మదిగా, అర్థమునుబట్టి ఆగుచు చదువుడి.

సమయము విషయమై ఒక మాట. త్రోయలో పౌలు అర్ధరాత్రివరకు ప్రసంగించుచుండగా ఐతుకు నిద్రాభారమువలన మూడవ అంతస్తునుండి పడెను (అపొస్తలుల కార్యములు 20:9). పౌలు క్రిందికి దిగిపోయి అతనిని కౌగిలించుకొనెను. ఆ చిన్నవాడు బ్రదికెను. మన ప్రసంగమునకు నిద్రపోయినవారిని లేపుట మనకు అంత సులభము కాదు. మిరప కోతల దినములలో ఇరువది నిమిషములు చాలును. "చివరగా" అని ఒకసారి అనినయెడల నిజముగా చివరకు రావలెను. ముగింపులో క్రొత్త సంగతి ఎత్తవద్దు. ఆ ఒక్క వాక్యమును మరల చెప్పి, ఈ వారము చేయదగిన ఒక్క పని చూపించి, కూర్చుండుడి.

5. గ్రామసభలో మాటలాడుట

ఈ సిద్ధపాటు గుడి గుమ్మమువద్ద ఆగిపోకూడదు. మన పల్నాటిలో కొన్ని గ్రామముల భూగర్భజలములో ఫ్లోరైడు ఎక్కువగా నున్నది. త్రాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మించినచోట ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టును, కీళ్లు బిగిసిపోవును. అట్టి ఊరిలో గ్రామసభ కూడినప్పుడు మనవారు ఏమి చేయుచున్నారు? పదిమంది ఒక్కసారే కేకలు వేయుదురు. లేక పాత తగవులు ఎత్తుదురు. లేక గోడ ప్రక్కన నిలిచి, ఇంటికి వచ్చి గొణుగుదురు. అధికారి కాగితములు కట్టుకొని వెళ్లిపోవును. నీరు రాదు.

సెలోపెహాదు కుమార్తెలు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురు అక్కచెల్లెండ్రు మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు యెదుటను, ప్రధానుల యెదుటను, సర్వసమాజము యెదుటను నిలిచిరి. వారు చెప్పినది రెండు వచనములలో ఇమిడినది. తమ తండ్రి అరణ్యములో మరణించెను: ఇది జరిగిన సంగతి. అతడు కోరహు సమూహములో చేరినవాడు కాడు: ఎదుటివారికి రాగల సందేహమును ముందే తీర్చిరి. కుమారులు లేనందున అతని పేరు ఏల మాసిపోవలెను: ఇది న్యాయము. తమకు స్వాస్థ్యము ఇయ్యుడి: ఇది స్పష్టమైన మనవి. వారు చెప్పినది యుక్తమని యెహోవా సెలవిచ్చెను. వారికి స్వాస్థ్యము కలిగెను. అది తరువాతివారికిని కట్టడ ఆయెను.

నీళ్లకొరకు లేచు తల్లియు ఈ నాలుగు మెట్లే ఎక్కవలెను. "అయ్యా, మా పేటలో ఇన్ని ఇళ్లున్నాయి, అందరం ఆ ఒక్క బోరు నీళ్లే తాగుతున్నాం. నీళ్లు పరీక్ష చేయించాం, కాగితం ఇదుగో. పైపు లైను ఉందంటారేమో, అది మా వీధి మొదట్లోనే ఆగిపోయింది. మా పిల్లల పళ్లు చూడండి. ఆ లైను మా వీధి చివరికి వేయించాలి. ఈ మాట తీర్మానంలో రాయించండి." ఇంతే. రెండు నిమిషములు పట్టదు. కోపము లేదు, కాళ్లు పట్టుకొనుట లేదు. ఇండ్ల లెక్క ముందుగా తిరిగి వ్రాసికొన్నది. పరీక్ష కాగితము చేత ఉన్నది. అడుగవలసినది ఒక్కటే అడిగినది. వ్రాసిన మనవి ఒక ప్రతి ఇచ్చి, మరియొక ప్రతిమీద అందినట్లు సంతకము తీసికొనవలెను. ఇట్టివారిని సిద్ధపరచుట స్త్రీల సమాజము చేయదగిన సేవ.

6. ఒక హెచ్చరిక

మాటలాడు నేర్పు కత్తివంటిది. తెర్తుల్లు అను న్యాయవాది తియ్యని మాటలతో మొదలుపెట్టి పౌలుమీద నేరము మోపెను (అపొస్తలుల కార్యములు 24). నేర్పు కలదు, సత్యము లేదు. మన నేర్పు ఎవరికొరకు? పౌలు సంఘములో తెలియని భాషతో పదివేల మాటలకంటె బోధకలుగునట్లు అయిదు మాటలు పలుకుటయే తనకు మేలనెను. నాలుక స్పష్టముగా లేనియెడల మనము గాలితో మాటలాడువారమగుదుమనియు హెచ్చరించెను. వినువారు మనలను మెచ్చుకొని పోవుటకంటె, వాక్యమును మోసికొని పోవుట మేలు. రూతు మీద ప్రసంగించిన పెద్ద మరునాడు తన చేలోనుండి పరిగె ఏరువారిని తరిమినయెడల, ఊరు ప్రసంగమును మరచి ఆ తరుముటనే జ్ఞాపకముంచుకొనును.

ఇంటివద్ద చేయవలసిన అభ్యాసము

1. గత ఆదివారము విన్న ప్రసంగమును ఒక్క వాక్యములో మీ ఇంటివారికి చెప్పుడి. చెప్పలేకపోయినయెడల, లోపము చెప్పిన విధములోనా, విన్న విధములోనా ఆలోచింపుడి.

2. నెహెమ్యా 8వ అధ్యాయములో వినువారికి అర్థమగుటకు చేయబడిన ఏర్పాట్లు ఎన్ని? మన సంఘములో వాటిలో ఏవి కలవు, ఏవి లేవు?

3. రూతు 2వ అధ్యాయమునుండి పది నిమిషముల ప్రసంగము సిద్ధపరచుడి. ఒక్క వాక్యము, మూడు మెట్లు, ఒక్క పని ఉండవలెను. గృహకూటములో ఇద్దరిద్దరుగా ఒకరికొకరు వినిపించుకొనుడి.

4. మీ పేటకు ముఖ్యమైన ఒక అక్కర ఏది? సెలోపెహాదు కుమార్తెల నాలుగు మెట్ల ప్రకారము రెండు నిమిషముల మనవి వ్రాసి, బిగ్గరగా చెప్పి చూచుకొనుడి.

సంఘపెద్దలారా, ఈ నెలలో ఇంతవరకు ఎన్నడును నోరు విప్పని ఒకరికి పాఠభాగము చదువు పని అప్పగించుడి. ఆదివారమునాడు కాదు, సోమవారమునాడే అప్పగించుడి. సిద్ధపడుటకు వారికి వారమంతయు కావలెను.